ఆరు సూర్యులూ, మీ అక్కా

ఇంటి నుంచి,
జూన్, ఆదివారం

కొండలు తొలిచే బావమరిదికి,

నువ్వు పంపిన పెట్టె నిన్న చేరింది. తెచ్చినవాడు గుమ్మంలో దింపి, "ఇందులో ఇటుకలున్నాయా సార్?" అని నడుం పట్టుకున్నాడు. విప్పి చూస్తే ఆరు సూర్యులు, వాటి చుట్టూ గ్రహాలు, గోరంత ఓడలు, బొటనవేలంత యుద్ధనౌకలు, నాలుగు జాతుల సైన్యాలు, చీమ తలకాయలంత అక్షరాలతో ఒక నిబంధనల పుస్తకం. "ఆరు సూర్యుల సామ్రాజ్యం" అట. ఒంట్లో బాగాలేని మనిషి ఉన్న ఇంటికి ఎవరైనా పళ్ళు పంపిస్తారు. నువ్వు యుద్ధనౌకలు పంపించావు.

మీ అక్క సంగతి అడిగావు. ఆస్పత్రి నుంచి వచ్చాక నడక కుదుటపడింది. కుడిచెయ్యి ఇంకా బద్ధకిస్తోంది. మాటే రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. లోపల మాట ఉంది, బయటికి దారి దొరకడం లేదు. పక్షవాతం పోతూపోతూ ఆమెకి ఒక్క మాట వదిలిపెట్టింది. "అదే." మంచినీళ్ళు కావాలన్నా "అదే", కిటికీ వెయ్యమన్నా "అదే", నా మీద కోపం వచ్చినా "అదే". మిగతాది నేను ఊహించుకుని చెప్పేస్తున్నాను. ఎవరైనా పలకరిస్తే ఆమె బదులు నేనే జవాబిస్తున్నాను. ఇన్నేళ్ళూ ఆమె మాట్లాడుతుంటే వింటూ బతికినవాణ్ణి, ఇప్పుడు ఇద్దరి వంతూ నేనే మాట్లాడేసరికి గొంతు బొంగురుపోయింది.

నువ్వు ఫోన్ చెయ్యకు. కిందటిసారి నీ గొంతు వినగానే ఫోను నా చేతిలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఉత్తరాలు రాయి. పైకి చదివి వినిపిస్తాను.

వచ్చే శనివారం సాయంత్రం ఆట మొదలుపెడదామనుకుంటున్నాం. నలుగురు కావాలట. పై అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరుగారిని పిలిచాను. మీ అక్క పనిచేసే లారీ ఆఫీసు నుంచి బుకింగ్ గుమాస్తా వస్తానన్నాడు. తెలుసుగా, తలుపు పట్టనంత మనిషి, చీమకి కష్టమొచ్చినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు.

లిఫ్టులు బాగుచేసుకునే
మీ బావ

---

సొరంగం క్యాంపు,
జూన్ చివర

బావా,

రేషన్ లారీతోపాటు నీ ఉత్తరం వచ్చింది. ఇక్కడ వాన, బురద, రాయి. కొండకి రెండు వైపుల నుంచీ తవ్వుకొస్తున్నాం. రెండు దారులూ లోపల ఒకేచోట కలిసేలా గీత చూపించడం నా పని. కలవకపోతే తిట్లు కూడా నాకే.

యుద్ధనౌకలెందుకు పంపానంటావా? చిన్నప్పుడు వానాకాలంలో అక్కా నేనూ అరుగు మీద సుద్దముక్కతో దేశాలు గీసి, చొక్కా గుండీలతో యుద్ధాలు చేసేవాళ్ళం. పెద్ద దేశం ఎప్పుడూ నాకే ఇచ్చేది. "చిన్నవాడివి, నువ్వే తీసుకో నాన్నా" అనేది. సాయంత్రానికల్లా అది ఆమెదైపోయేది. ఎలా పోయిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఈ ఆట ఏరికోరి కొన్నాను. పుస్తకంలో సంధి గురించిన చోట ఎర్రసిరాతో గీత గీశాను, చూడు. సంధి కావాలంటే నోటితో చెప్పాలి. సైగలు చెల్లవు, తలూపితే చెల్లదు. చెప్పిన సంధిని తర్వాత తప్పొచ్చు, అదీ ఆటలో భాగమే. మిగతా నిబంధనలు నీ ఇష్టం. అదొక్కటి మాత్రం తప్పించకు.

ఇక్కడి నుంచి పైకి చదవకు. బావా, నిజం చెప్పు. అక్కకి మాట మళ్ళీ వస్తుందా?

నీ బావమరిది

---

ఇంటి నుంచి,
జూలై, ఆదివారం

ఎర్రసిరా బావమరిదికి,

ముందు పైకి చదవని ముక్కకి జవాబు. ఆస్పత్రి డాక్టరు "రావచ్చు" అంటాడు. ఎప్పుడంటే చేతులు కడుక్కుంటాడు, నిజంగానే, సబ్బుతో. స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి ఇంటికొచ్చి బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటోంది. కప్పు, చెట్టు, పిల్లి. మీ అక్క ఆ పిల్లి వంక చూసే చూపు నువ్వు చూడాలి. లారీ డ్రైవర్లు ఆ చూపుకే సగం దారికొచ్చేవాళ్ళట.

ఇక యుద్ధం. బల్ల కిటికీ దగ్గరికి లాగి సూర్యుళ్ళని పరిచాం. పళ్ళ డాక్టరుగారు పురుగుల జాతి తీసుకున్నారు. గుమాస్తాకి మేఘాల జాతి, నాకు ఇనుప మనుషులు. మీ అక్క నీలి సముద్రజాతిని ఏరుకుని, ఎడమచేత్తో ఓడలన్నీ వరసగా నిలబెట్టుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె ఒళ్ళు అంత నిటారుగా పెట్టి కూర్చోవడం అదే మొదలు.

నీ ఎర్రగీత చూశాను. చూసే, ఆ నిబంధన మనకొద్దని చెప్పాను. తలూపితే సంధి కుదిరినట్టే అన్నాను. ఎవరూ కాదనలేదు. ఆట మొదలయ్యాక నేను డాక్టరుగారి వంక చూశాను, ఆయన గుమాస్తా వంక చూశారు, మా ముగ్గురికీ ఒకే ఆలోచన వచ్చింది. మీ అక్క ఓడలు ఎటు కదిలితే అటు మేం వెనక్కి తగ్గాం. గుమాస్తా అయితే తన మేఘాలన్నిటినీ తానే ఒక మూలకి తోలుకుపోయాడు. మధ్య సూర్యుణ్ణి పట్టుకుని ఒక చుట్టు నిలబెట్టుకున్నవాళ్ళు గెలిచినట్టు. మీ అక్క గెలిచింది. చప్పట్లు కొట్టాం. గుమాస్తా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె ఆ సూర్యుణ్ణి చేతిలోకి తీసుకుని మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే చూసింది. దాన్ని పెట్టెలో పడేసి, మూత పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అలిసిపోయినట్టుంది పాపం.

ఇంకో మాట. ఆఫీసులో ఆమె కుర్చీలో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టారట. ప్రస్తుతానికేనని ఓనరు అంటున్నాడట. వెళ్తూ వెళ్తూ గుమాస్తా మెట్ల మీద నా చెవిలో చెప్పాడు. మీ అక్కకి చెప్పలేదు. నువ్వూ రాయకు.

మీ బావ

---

సొరంగం క్యాంపు,
జూలై

బావగారికి,

అలిసిపోలేదు. అలిసిపోలేదని మీకూ తెలుసు.

పసిపిల్ల చేతిలో బిస్కట్టు పెట్టినట్టు మా అక్క చేతిలో ఒక సూర్యుణ్ణి పెట్టారు మీరు ముగ్గురూ కలిసి. ఆమె ఎవరో మరిచిపోయారా? ఒకసారి నేను ఆఫీసుకి వెళ్ళేసరికి షెడ్డులో లారీకి చక్రాలన్నీ ఊడదీసి ఉన్నాయి. అక్క ఫోన్లో ఉంది. సరుకు ఆసామి అరుపులు నాకే వినపడుతున్నాయి. అక్క నిమ్మళంగా, "లారీ ఎప్పుడో బయల్దేరింది సార్, ఈపాటికి మీ ఊళ్ళోకి వచ్చేసుండాలి. మీ గోడౌను తలుపులు తీసున్నాయా? లేవా! మా డ్రైవరొచ్చి వీధిలో నిలబడితే ఆ ఆలస్యం ఎవరి ఖాతాలో రాసుకోమంటారు?" అంది. అవతలివాడు తప్పయిపోయిందని చెప్పుకుని ఫోన్ పెట్టేశాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. ఆమె నవ్వలేదు. షెడ్డుకి ఫోన్ చేసి మెకానిక్కులని పరుగులు పెట్టించింది. సరుకు ఆ సాయంత్రానికే చేరింది.

ఒక్క గొంతుతో ఊరి సగం సరుకుని కదిలించిన మనిషి బావగారూ. ఆమె తమ్ముణ్ణని చెప్పుకుని నేను ఎన్ని లారీలు ఎక్కి ఊరికే తిరిగానో! అలాంటి మనిషికి, ఎదుటివాళ్ళు కావాలని ఓడిపోతుంటే తెలీదా? పోయింది మాట. బుర్ర కాదు.

ఈ ఉత్తరం పైకి చదవకండి.

ఇట్లు,
ఆమె తమ్ముడు

---

ఇంటి నుంచి,
ఆగస్టు

బావమరిదిగారికి,

"మీరు" అని రాశావు. పెళ్ళయిన కొత్తలో, నేను కొత్త చొక్కా వేసుకుని గంభీరంగా కూర్చున్నప్పుడు కూడా నన్ను మీరు అనలేదు నువ్వు.

ముందు నా కోపం వెళ్ళగక్కనీ. కొండ కడుపులో కూర్చుని ఉత్తరాలు రాయడం తేలిక. ఇక్కడ ఆమె దువ్వెన అడగబోయి "అదే, అదే" అంటూ తన నుదురు తనే కొట్టుకుంటుంటే ఎదురుగా నిలబడి చూడాల్సింది నేను. దువ్వెన అందించకుండా ఎలా ఉంటాను? పోయినవారం మీ క్యాంపు డ్రైవరు ఇటొచ్చి నీ క్షేమం చెప్పి వెళ్ళాడు. కిందటి నెల అక్కడ అందరికీ సెలవు దొరికిందట. నువ్వే వద్దన్నావట. ఎందుకని నేను అడగను.

అయిపోయింది కోపం. ఇప్పుడు జరిగింది విను.

నీ ఉత్తరం చూసుకుని జేబులో పెట్టేశాను. మీ అక్క చెయ్యి చాపింది. "అందరూ బాగున్నారట, వానలట" అన్నాను. ఆమె దగ్గరికొచ్చి, నా జేబులోంచి కాగితం లాగి, బల్ల మీద పరిచి, మొదటి వరస మీద వేలు పెట్టింది. "అదే." అక్షరాలు ఆమెకింకా సరిగ్గా కూడిరావడం లేదు. నా మొహం మాత్రం బాగా చదవగలదు. ఇక దారి లేక చదివాను. పసిపిల్ల, బిస్కట్టు, అన్నీ. చక్రాల్లేని లారీ దగ్గరికొచ్చేసరికి నవ్వింది. ఇల్లు అదిరేలా నవ్వింది బావమరిదీ, నేను ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! తర్వాత కాసేపు ఏడ్చింది. తర్వాత నిబంధనల పుస్తకం తెచ్చి నీ ఎర్రగీత నా ముక్కు ముందు పెట్టింది.

ఆ రోజే థెరపీ అమ్మాయి వచ్చింది. జరిగింది చెప్తే, "మీరు మాటలన్నీ ముందే అందించేస్తే ఆవిడ ఎందుకు వెతుక్కుంటారు సార్? మీరు కాస్త నోరు మూసుకోవాలి" అంది. మా అపార్టుమెంటు లిఫ్టు వయసు లేదు ఆ పిల్లకి. కానీ నా వృత్తిలో నేను చెప్పేదీ అదే కదా. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే బటన్లన్నీ నొక్కకండి, ఓపిక పట్టండి అని లోపలివాళ్ళకి అరిచి చెప్తాను. ఇంట్లో మాత్రం బటన్లన్నీ నేనే నొక్కుతున్నాను.

ఇక నుంచి సంధి నోటితోనే. ఎవరూ మాట అందించకూడదు. ఎవరూ కావాలని ఓడకూడదు. గుమాస్తా చేత ఒట్టు పెట్టించాను. పెట్టాడు గానీ, మొహం చూడలేకపోయాం. అన్నట్టు, ఆఫీసు కుర్చీ సంగతి కూడా థెరపీ అమ్మాయి ఉండగానే ఆమెకి చెప్పేశాను. వినగానే తనే పిల్లి బొమ్మ తీసి థెరపీ అమ్మాయి ముందు పెట్టింది, మొదలుపెట్టమన్నట్టు.

మీ బావ

---

సొరంగం క్యాంపు,
ఆగస్టు చివర

బావా,

సెలవు వద్దన్న మాట నిజం. నువ్వు అడగనన్నావు కాబట్టే చెప్తున్నాను. నేనెప్పుడొచ్చినా అక్క గుమ్మంలో అడ్డంగా నిలబడి, "ఇన్నాళ్ళకి తీరిందా దొరగారికి?" అని మొదలుపెట్టేది. సంచీ దింపేలోపు అన్ని తిట్లూ పూర్తయ్యేవి. ఈసారి గుమ్మంలో నిలబడి "అదే" అంటే నేనేం చెయ్యాలి? దానికే భయపడ్డాను. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

నువ్వు రోజూ ఆ గుమ్మంలోనే ఉన్నావన్న సంగతి రాసేటప్పుడు నాకు తట్టలేదు. మనసులో పెట్టుకోకు.

నీ ఉత్తరం చదువుతూ మెస్సులో పైకే నవ్వేశాను. ఏమిటని వంటమనిషి పట్టుకున్నాడు, చెప్పాల్సొచ్చింది. ఇప్పుడు క్యాంపంతా మీ యుద్ధం సంగతే అడుగుతోంది. డ్రిల్లింగు వాళ్ళంతా అక్క పక్షం. వంటమనిషి ఒక్కడే ఇనుప మనుషుల పక్షం, అదీ నీ మీద జాలితో. ఎవరి చేతిలో ఏ సూర్యుడున్నాడో వివరంగా రాయి. లేకపోతే నాకు ఇక్కడ కూర సరిగ్గా వడ్డించరు.

నీ బావమరిది

---

ఇంటి నుంచి,
సెప్టెంబరు, ఆదివారం పొద్దున్న

బావమరిదికి, వంటమనిషికి, డ్రిల్లింగు వీరులందరికీ,

ఉత్తరం ఆలస్యమైంది. చెప్పాల్సినంత కథ జరిగేదాకా ఆగాను. ఈ ఉత్తరం నిలబడి చదువు.

ముందు మధ్యలో గడిచిన శనివారాల సంగతి. మీ అక్క వరసగా ఓడింది. మొదటి వారం చిత్తుచిత్తుగా ఓడింది. ఓడి, కాళ్ళు చాపుకుని, తృప్తిగా టీ తాగింది. ఆ రోజే మొదటి మాట వచ్చింది. గుమాస్తా ఆమె గ్రహం మీద చెయ్యి వేశాడు. "నాది!" అంది. గుమాస్తా నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అంతలో ఒట్టు గుర్తొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని ఆ గ్రహాన్ని తీసేసుకున్నాడు. మీ అక్క అతని వీపు మీద ఒక్కటి చరిచింది, మెచ్చుకోలుగా.

తర్వాత ఒక్కొక్కటే రావడం మొదలైంది. ఆగు. ఇటు. చూస్తా. ఇవ్వను. "ఇవ్వను" మాత్రం బావమరిదీ, ఎంత స్పష్టంగా వచ్చిందో! ఆమె మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటారు, గుమాస్తా ఫ్యాను వంక చూస్తాడు, నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటాను. ఒకసారి ఓడ అనబోతే కప్పు అని వచ్చింది. తనే ముందు నవ్వేసింది. అప్పట్నుంచి మా బల్ల మీద యుద్ధనౌకల్ని కప్పులంటున్నాం. "నా మూడు కప్పులతో మీ గ్రహం మీద పడుతున్నాను" అని డాక్టరుగారు గంభీరంగా ప్రకటిస్తుంటే నువ్వు వినాలి.

ఇక నిన్నటి మాట.

నిన్న నేను గెలిచే స్థితిలో ఉన్నాను. అవతల పురుగుల జాతి, ఇవతల నేను, మధ్య సూర్యుడి కోసం ఎదురెదురుగా నిలబడ్డాం. నా కప్పులన్నీ ఒక్కసారిగా ముందుకి తోస్తే సూర్యుడు నాదే. చిక్కేమిటంటే, నా వెనకే మీ అక్క నీలి సేన ఉంది. అందుకని సగం కప్పుల్ని నా రాజధాని దగ్గర కాపలా పెట్టాను. రాజధాని పోతే ఆ జాతి ఓడలన్నీ ఉన్నచోటే ఆగిపోతాయి, అదీ నిబంధన.

మీ అక్క బల్ల వంక చూసింది, నా వంక చూసింది. చెయ్యెత్తింది. సంధి మాట చెప్పేముందు చెయ్యెత్తాలి. ఇన్ని వారాల్లో ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

"నువ్వు..." అంది. ఆగింది. డాక్టరుగారు కళ్ళజోడు తీశారు. "నువ్వు... వెళ్ళు."

మధ్య సూర్యుడి వైపు చూపించింది. కళ్ళు మూసుకుంది. ఎడమచేత్తో మోకాలి మీద కొట్టుకుంటోంది. నుదుటి మీద చెమట. "నీ... వెనక..." ఊపిరి తీసుకుంది. "కా... కా..." నా నాలుక చివర ఆ మాట సిద్ధంగా ఉంది. పళ్ళ మధ్య బిగపట్టుకుని కూర్చున్నాను. గుమాస్తా ఫ్యానుని చూసీ చూసీ మెడ పట్టేసింది.

"కాస్తా!"

నువ్వు వెళ్ళు, నీ వెనక కాస్తా. వరసగా ఒక పూర్తి మాట. పక్షవాతం వచ్చాక మొదటిది. గుమాస్తా బాహాటంగా ఏడ్చేశాడు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? ఎదురుగా బల్ల అలుక్కుపోయి కనిపిస్తోంది. "సంధి! సంధి!" అంటూ రాజధానిలో ఉన్న కప్పులన్నీ ఊడ్చి మధ్య సూర్యుడి మీదకి తోసేశాను. కాపలాకి ఒక్క చిన్న పడవైనా మిగల్చలేదు.

డాక్టరుగారి పురుగులూ నా ఇనుప మనుషులూ కొట్టుకుని ఇద్దరం సగమయ్యాం. సూర్యుడు నాకు దక్కాడు. ఇంకొక్క చుట్టు నిలబెట్టుకుంటే చాలు. మీ అక్క వంతు వచ్చింది. ఈసారి మాట కోసం వెతుక్కోలేదు. ఎడమచేత్తో నీలి ఓడలన్నిటినీ ఒక్క తోపు తోసి నా రాజధాని మీద పెట్టేసింది. నా కప్పులన్నీ ఉన్నచోటే బిగుసుకుపోయాయి. వాటి మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి మధ్య సూర్యుణ్ణి పట్టుకుంది. డాక్టరుగారు మిగిలిన పురుగులన్నిటితో మీద పడ్డారు, గుమాస్తా కూడా ఒట్టు తప్పకుండా మీద పడ్డాడు. ఒక చుట్టంతా ఇద్దరినీ కాచుకుని నిలబడింది. గెలిచింది.

"అదేంటి! వెనక కాస్తానన్నావుగా!" అని అరిచాను.

"కాశా," అంది. నా రాజధాని మీద వేలు పెట్టింది. "కాసి... తీసుకున్నా."

"మోసం!"

"ఆట," అంది.

డాక్టరుగారు నవ్వీ నవ్వీ కుర్చీ మీద నుంచి జారిపోయారు.

అసలు సంగతి వాళ్ళంతా వెళ్ళాక తట్టింది. బల్ల సర్దుతుంటే గుర్తొచ్చింది. నిన్న పొద్దున్న వంటింట్లో నేను పాలగిన్నె అందుకోబోతే, "ఉండు, పాలు నేను కాస్తా" అంది. అడ్డు లేకుండా, గడగడా. నేను పేపరు ధ్యాసలో పడి గమనించుకోలేదు. మాట అప్పటికే వచ్చేసింది బావమరిదీ! పాలు కాయడానికి పొద్దున్న అంత సునాయాసంగా వచ్చిన మాట, నన్ను కాయడానికి సాయంత్రం అన్ని చెమటలు పట్టించడమేమిటి?

వెళ్ళి అడిగాను. "ఆ కా... కా... అనడం నిజమేనా?"

జడ ముందుకి వేసుకుని చివర్లు సరిచేసుకుంటూ నవ్వింది. జవాబు చెప్పలేదు. మాట రాక కాదు.

నాకు తెలిసిన అబద్ధాలన్నిటిలోకీ గొప్ప అబద్ధం అది. నేను జాలిపడతానని తెలుసు, ఆగుతానని తెలుసు, పొంగిపోతానని తెలుసు. నా జాలినే పట్టుకుని నా రాజధాని గుంజుకుంది. ఇనుప సామ్రాజ్యం మొత్తం పోయింది. నా జన్మలో ఇంత గర్వంగా ఏదీ పోగొట్టుకోలేదు. పొద్దున్నే థెరపీ అమ్మాయికి ఫోన్ చేసి చెప్తే పకపకా నవ్వింది. తర్వాత, "ఇక పిల్లి బొమ్మలు పట్టుకురాను సార్" అంది.

రాజ్యం పోయిన
మీ బావ

---

సొరంగం క్యాంపు,
అక్టోబరు

బావా,

నిలబడి కాదు, మెస్సులో బెంచీ ఎక్కి చదివాను. "కాస్తా" దగ్గర ఒక్కడు కూడా చెంచా కదపలేదు. రాజధాని పోయేసరికి డ్రిల్లింగు వాళ్ళు పళ్ళాలు వాయించారు. వంటమనిషి తలగుడ్డ తీసి గుండె మీద పెట్టుకుని, "మీ బావగారిది దొడ్డ మనసు సార్" అన్నాడు. పాల సంగతి వచ్చేసరికి వాడే ముందు కేక వేశాడు. "అమ్మో! ఆవిడ మామూలు మనిషి కాదు!" పార్టీ మారిపోయాడు.

"మా అక్క" అన్నాను వాళ్ళతో. అన్నదే మళ్ళీ మళ్ళీ అన్నాను. బెంచీ దిగాక కూడా అన్నాను.

నువ్వు పళ్ళ మధ్య బిగపట్టుకుని కూర్చున్నావు చూడు, ఆ ముక్క మాత్రం వాళ్ళకి చదవలేదు. అది నా దగ్గరే ఉంచుకున్నాను. మా వాళ్ళందరికీ చిన్నప్పట్నుంచీ నోరెక్కువ బావా. మాలోకి వచ్చినవాడివి నువ్వొక్కడివే ఊరుకోవడం నేర్చుకున్నావు. అదెంత కష్టమో నాకు తెలుసు.

సెలవు పెట్టాను, ఇచ్చారు. ఈ నెలాఖరుకి వస్తున్నాను. గుమ్మంలో ఏమన్నా సరే.

ఆఫీసు కుర్చీ సంగతి ఏమైంది?

నీ బావమరిది

---

ఇంటి నుంచి,
అక్టోబరు

సెలవు దొరికిన బావమరిదికి,

కుర్చీ సంగతి చెప్తాను.

ఓనరు ఇంటికొచ్చాడు. ఖరీదైన బిస్కట్ల డబ్బా తెచ్చాడు. ఆ డబ్బా చూడగానే తెలిసిపోయింది, తెచ్చిన కబురు మంచిది కాదని. మీ అక్క పక్కనే కూర్చుని ఉంటే నాతో మొదలుపెట్టాడు. "అమ్మగారికి లోపల రికార్డు గదిలో చోటు చేశామండీ. జీతం అదే. ఫోన్ల బెడద ఉండదు. హాయిగా కూర్చోవచ్చు."

నోరు తెరిచాను. మూశాను. "ఆవిడనే అడగండి" అన్నాను.

అతను అటు తిరిగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గొంతు పెంచి అదంతా మళ్ళీ చెప్పాడు. మీ అక్క పూర్తిగా విన్నది.

"రికార్డు గది... వద్దు."

"మరేం చెయ్యమంటారమ్మా?"

"నా కుర్చీ. నా... ఫోను. ముందు... సగం పూట."

"డ్రైవర్లతో పనమ్మా. వాళ్ళు ఆగరు. ఒక్క మాటకి ఇంతసేపంటే..."

"ఆగుతారు," అంది. ఎంత ధీమాగా అందంటే, డ్రైవర్ల బదులు ఓనరే ఆగిపోయాడు. అప్పుడు మీ అక్క పైట సర్దుకుని, చాలా మామూలుగా, "పక్క ట్రాన్స్‌పోర్టు వాళ్ళు... అడిగారు. నన్ను" అంది.

ఎవరూ అడగలేదు! పక్క ట్రాన్స్‌పోర్టు వాళ్ళకి మా ఇల్లెక్కడో కూడా తెలీదు. ఓనరు గిరుక్కున నా వైపు తిరిగాడు. నా మొహం సంగతి నీకు తెలుసుగా, దాని మీద అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వంగి బిస్కట్ల డబ్బా మీద ఏం రాసుందో శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. పిండి, చక్కెర, వెన్న. అంత శ్రద్ధగా నా పెళ్ళి శుభలేఖ కూడా చదవలేదు.

"సోమవారం నుంచి వచ్చెయ్యండమ్మా," అన్నాడు ఓనరు. "సగం పూటే."

వెళ్తోంది. ఆ కుర్చీలో ఉన్న అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది. రాసే పని ఆ పిల్లది, మాట్లాడే పని తనది. మొదటి రోజు నేను పనుందని చెప్పి వాళ్ళ ఆఫీసు పక్క బిల్డింగు లిఫ్టు చూడటానికి వెళ్ళాను. ఆ లిఫ్టు బాగానే ఉంది. కిటికీలోంచి ఆఫీసు కనిపిస్తుందని వెళ్ళాను. ఫోను చెవికి పెట్టుకుని, ఎడమచెయ్యి గాల్లో ఆడిస్తూ కూర్చుంది. ఏం మాట్లాడుతోందో వినపడలేదు. గుమాస్తా మాత్రం కిటికీ దగ్గరికొచ్చి నన్ను చూసి బొటనవేలు ఎత్తాడు. కళ్ళు తుడుచుకుంటూనే.

నువ్వొచ్చే శనివారానికి గుమాస్తా తన చోటు నీకిస్తానన్నాడు. మేఘాల జాతి నీది. వాటి ఓడలు నాసిరకం, ముందే చెప్తున్నాను.

ఉండు. లోపల ఫోను మోగింది. ఎవరో డ్రైవరు ఇంటికే చేసినట్టున్నాడు, అడ్డదారి పట్టి లారీని ఎక్కడో బురదలో దింపేశాడట. మీ అక్క గొంతు లేచింది. "నువ్వు... నువ్వొక ఒట్టి..." అని ఆగిపోయింది. కలం ఆపి నేనూ ఊపిరి బిగపట్టాను. అవతలివాడు కూడా ఆగినట్టున్నాడు, ఫోను పెట్టిన చప్పుడు లేదు.

దొరికింది.

ఏం మాటో మాత్రం రాయను. నువ్వు దీన్ని మెస్సులో పైకి చదువుతావు.

మీ బావ